స్కూటర్ బ్రేకులు, క్లచ్: ఇంట్లో చూసుకుంటే మేలా, షెడ్డుకిస్తే మేలా?

మన గోదావరి వైపు రెండు రకాల వాళ్ళున్నారు. లివర్ కాస్త లూజయినా సరే బండిని షెడ్డుకి తోసుకెళ్ళేవాళ్ళు ఒక రకం, ఫోన్‌లో వీడియో చూసి క్లచ్ దాకా విప్పేసేవాళ్ళు ఇంకో రకం. నా మట్టుకు నాకు రెండూ నచ్చవు. బ్రేకుల్లో సగం పని ఇంట్లోనే చేసుకోవాలి, గేర్‌లెస్ స్కూటర్ క్లచ్ మాత్రం షెడ్డుకే ఇవ్వాలి.

సర్వీసుకి ఏ మూడు నెలలకో ఇస్తాం కానీ మన రోడ్ల మీద బ్రేకు సర్వీసు తేదీ చూసుకుని అరగదు. వానాకాలం కాలవ గట్ల మీద తిరిగితే బురద చక్రం మధ్యకి చేరుతుంది, కోతల రోజుల్లో రోడ్డు మీద పరిచిన గడ్డి ఇరుసుకి చుట్టుకుని బిగుసుకుపోతుంది, నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలి, ఇక భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద తిరిగే బండికైతే ఉప్పునీటి బురదే అంటుకుంటుంది. ఆ ఉప్పు బ్రేక్ వైరు లోపలికి పోయి తుప్పు పట్టిస్తే లివర్ వదిలినా బ్రేకు సరిగా వదలదు. ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేను, ఎదురుగా మేత బస్తాల ట్రాక్టరు వస్తున్నప్పుడు బ్రేకు సంగతి తెలుసుకోవడం ఆలస్యమే అవుతుంది.

డ్రమ్ బ్రేక్ అంటే చక్రం మధ్యనున్న డ్రమ్ములో షూలు విచ్చుకుని పట్టే బ్రేకు, దాని బిగింపు ఇంట్లో చెయ్యదగ్గ పని. బండిని సెంటర్ స్టాండ్ వేసి, ఇంజను ఆపి, వెనక చక్రం దగ్గర బ్రేక్ వైరు చివరున్న నట్టు చూడండి. మట్టి పట్టి ఉంటే ముందు బ్రష్షుతో మర శుభ్రం చెయ్యండి, లేకపోతే నట్టు తిరగదు, బలవంతం చేస్తే మర పోతుంది. తర్వాత అర చుట్టు చొప్పున బిగిస్తూ ప్రతిసారీ లివర్ నొక్కి చూడాలి. చాలా స్కూటర్లకి లివర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట (బ్రేకు పట్టేలోపు లివర్ ఊరికే కదిలే దూరం) ఉండాలంటారు, మీ బండి మాన్యువల్‌లో ఎంతుంటే అంతే పెట్టుకోండి. నట్టుకి ఒక గాడి ఉంటుంది, అది బ్రేక్ ఆర్మ్ (వైరు లాగే చిన్న కడ్డీ) పిన్ను మీద సరిగ్గా కూర్చోవాలి. చాలామంది ఇది చూడరు, నాలుగు గుంతలు దాటేసరికి అది సర్దుకుని బ్రేకు మళ్ళీ లూజవుతుంది. చివరగా చక్రం చేత్తో తిప్పండి. రాసుకుంటున్నట్టు అనిపిస్తే ఎక్కువ బిగించినట్టే, డ్రమ్ము వేడెక్కుతుంది, షూలు ఊరికే అరిగిపోతాయి, మైలేజీ కూడా పడిపోతుంది.

షూలు ఎంత అరిగాయో చూడటానికి చక్రం విప్పక్కర్లేదు. లివర్ గట్టిగా నొక్కి ఉంచి చూస్తే, బ్రేక్ ఆర్మ్ దగ్గరున్న బాణం గుర్తు పక్కనున్న గుర్తుతో కలిసిందంటే షూలు అయిపోయినట్టే. ఇక ఎంత బిగించినా లాభం లేదు. కొత్తవి వెయ్యడం షెడ్డులో చేయించుకోవడమే నయం, ఎందుకంటే చాలా స్కూటర్లలో వెనక చక్రం తియ్యాలంటే ముందు సైలెన్సర్ విప్పాలి, తిరిగి బిగించేటప్పుడు ఇరుసు నట్టు ఎంత బిర్రుగా ఉండాలో చేతికి తెలియదు.

ఇంకో మాట, 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా ఉన్న కొత్త బండ్లకి కాంబీ బ్రేకో ఏబీఎస్సో (బ్రేకు పట్టినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి చేశారు. స్కూటర్లకి ఎక్కువగా కాంబీనే వస్తుంది, ఎడమ లివర్ నొక్కితే ముందు చక్రం కూడా కొంత పట్టుకుంటుంది. కాబట్టి వెనకది ఒక్కటే బిగించి వదిలెయ్యకుండా ముందుది కూడా చూసుకోండి.

కొత్తగా కొనేవాళ్ళకి ముందు చక్రానికి డ్రమ్మా, డిస్కా? ఇంట్లో సర్దుకోవడానికి డ్రమ్మే సులువు, ఖర్చూ తక్కువ. కానీ డ్రమ్ములోకి నీళ్ళు చేరితే కాసేపు బ్రేకు పట్టదు, మెల్లగా వెళ్తూ లివర్ తేలిగ్గా నొక్కుతూ ఆరబెట్టుకోవాలి. డిస్కు అంటే చక్రంతో తిరిగే రేకుని ప్యాడ్లు రెండు పక్కలా నొక్కి పట్టే బ్రేకు, అది బయటే ఉంటుంది కాబట్టి తొందరగా ఆరుతుంది, ప్యాడ్ల మందం కూడా టార్చి వేసి చూస్తే కనిపిస్తుంది. మన వానలకి నేనైతే డిస్కే తీసుకోమంటాను. దాని బ్రేక్ ఆయిల్‌ని మాత్రం ఇంట్లో ముట్టుకోవద్దు. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, అందుకే సాధారణంగా రెండేళ్ళకోసారి మార్చమంటారు, మార్చేటప్పుడు గొట్టంలో గాలి మిగిలితే లివర్ మెత్తగా దిగిపోతుంది. పెయింట్ మీద పడితే పెయింటూ పాడవుతుంది.

క్లచ్ విషయానికొస్తే, పాత చేతక్ లాంటి గేర్ల స్కూటర్‌కి క్లచ్ వైరు ఉంటుంది, దాని లూజు సర్దుకోవడం, వైరుకి ఆయిల్ పెట్టుకోవడం ఇంటి పనే. గేర్‌లెస్‌కి ఆ వైరే ఉండదు. ఇంజను వేగం పెరిగేకొద్దీ క్లచ్ లోపలి షూలు బయటికి జరిగి గిన్నెలాంటి భాగాన్ని పట్టుకుంటాయి. దాన్ని విప్పాలంటే తిరగకుండా పట్టుకునే ప్రత్యేకమైన టూలు కావాలి, నట్టు తియ్యగానే లోపలి పెద్ద స్ప్రింగు ఎగిరి తగులుతుంది. అందుకే వద్దంటున్నాను. మీరు చెయ్యాల్సింది లక్షణం గుర్తుపట్టి మెకానిక్‌కి సరిగ్గా చెప్పడం. కదిలేటప్పుడు బండి వణుకుతుందా? యాక్సిలరేటర్ ఇస్తే మోత పెరిగి బండి మాత్రం లాగడం లేదా? వదిలేసినా ముందుకి పాకుతుందా? పాకుతుంటే ముందు ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ ఇవ్వనప్పుడు ఇంజను తిరిగే వేగం) ఎక్కువుందేమో చూడమనండి, ఊరికే క్లచ్ మార్పించుకోవద్దు.

ఇంట్లో పని చేసేటప్పుడు డ్రమ్ము దగ్గర దుమ్ము నోటితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. షూల దగ్గర, డిస్కు మీద ఆయిల్ గానీ స్ప్రే గానీ చుక్క కూడా పడకూడదు. చెరువుల దగ్గర్నుంచి వచ్చిన రోజు మంచినీళ్ళతో చక్రాలు కడిగి, వాకిట్లోనే నడక వేగంలో రెండు మూడుసార్లు బ్రేకు పట్టి చూశాకే గట్టెక్కండి.