నడక నేర్పిస్తుందని వాకర్ అంటగడుతున్నారు, కొనకండి

కోనసీమలో చిన్నపిల్లలున్న వాళ్లందరికీ చెబుతున్నా. "ఇంకా నడవట్లేదా? దీన్లో కూర్చోబెట్టండమ్మా, నెల తిరక్కుండా పరిగెడతాడు" అని అమలాపురంలో ఒక షాపులో మాకు చక్రాల వాకర్ అంటగట్టారు. దాంతోపాటు కాళ్లకి బలమంటూ ఒక నూనె సీసా. మొత్తం రెండు వేల పైనే. సీసా మీద తయారుచేసిన వాళ్ల అడ్రసు కూడా లేదు.

బాబుకి 13 నెలలు నిండినా అడుగు వేయట్లేదని మా అత్తయ్యగారికి ఒకటే టెన్షన్. పక్కింటి పిల్ల పుట్టినరోజుకే నడిచేసింది మరి!

కొద్దిరోజులకే ఒక చక్రం వదులైపోయింది. అదలా ఉంచండి. వాకర్‌లో వీడు మడమ నేలకి ఆనించడు, మునివేళ్లతో తన్నుకుంటూ పోతాడు. అంతకుముందు మంచంకోడు పట్టుకుని లేచేవాడు, అదీ తగ్గించేశాడు. ఒకరోజు వంటింటి గడపకి చక్రం తగిలి వాకర్‌తో సహా ముందుకి ఒరిగిపోయాడు, మా ఆడపడుచు పట్టుకుంది కాబట్టి సరిపోయింది. ఈ బండి సెకనులో మూడడుగుల పైనే పోగలదట. మన ఇళ్లకేమో అరుగులు, మెట్లు, పెరట్లో బోదె కాలువ.

పిల్లల డాక్టరుగారు చూడగానే తీసేయమన్నారు. పాకడం, పట్టుకుని లేవడం, గోడవారన పక్కకి అడుగులేయడం, ఇవన్నీ అయ్యాకే నడక వస్తుందట. వాకర్‌లో కూర్చుంటే వాటికి అవకాశమే ఉండదు, నడక ఇంకా ఆలస్యమవుతుంది. కెనడాలో 2004 నుంచి వీటి అమ్మకమే నిషేధం.

చాలామంది పిల్లలు 9 నుంచి 18 నెలల మధ్య ఎప్పుడో ఒకప్పుడు నడుస్తారు. 18 నెలలు దాటినా నడవకపోతే మాత్రం నూనెలతో కాలక్షేపం చేయకండి. విటమిన్ డి తక్కువ కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, తుంటి కీలు జారి ఉండొచ్చు. మగపిల్లల్లో కండరాల జబ్బు ఉందేమోనని సీపీకే రక్తపరీక్ష కూడా రాస్తారు. ఒంట్లో ఒకవైపే వాడుతున్నా, ఒళ్లు బిగుసుకున్నా, మెత్తగా వేలాడినా, అంతకుముందు నేర్చుకున్నవి మర్చిపోయినా 18 నెలల దాకా ఆగొద్దు. అంగన్‌వాడీలో అడిగితే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) కింద ఉచితంగా చూస్తారు.

పాతకాలం మూడు చక్రాల చెక్కబండి సంగతి వేరు, అది బిడ్డ తన కాళ్ల మీద నిలబడి తోసేది. చదును నేల మీద, పక్కన మనిషి ఉంటే పర్వాలేదన్నారు డాక్టరుగారు.

షాపువాళ్లు "వాడిన వస్తువు వెనక్కి తీసుకోం" అనేశారు. బిల్లు ఉంది కాబట్టి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను.