నేలపట్టు, పులికాట్: ఒక రోజంతా పెట్టుకుని వెళ్లండి

పోయినేడాది ఒక ట్రావెల్స్ వాళ్ల ప్యాకేజీలో నేలపట్టు పక్షుల అభయారణ్యానికి వెళ్లి ఉసూరుమంటూ తిరిగొచ్చాను. పదకొండింటికి దించి, నలభై నిమిషాల్లో బస్సెక్కమన్నారు. నడినెత్తిన ఎండ, కళ్లు చెదిరే నీళ్లు, దూరంగా చెట్ల మీద తెల్లటి మచ్చలు. అంతే. అందుకే ఈ జనవరిలో నాన్నా నేనూ సొంతంగా వెళ్లాం. ఈసారి ఐదుకి నాలుగున్నర ఇస్తాను.

వారం ముందు నుంచే ఈబర్డ్‌ (పక్షులు చూసేవాళ్లు తమకి కనిపించినవి నమోదు చేసే వెబ్‌సైట్) చూసుకున్నాను. ఈ నెలలో అక్కడ ఎవరెవరికి ఏ పక్షులు కనిపించాయో, అందులో నేను ఇంతవరకు చూడనివేవో తేలిపోయింది. నాకు కావాల్సింది స్పూన్‌బిల్, అదే తెడ్డుమూతి కొంగ. కారు మాట్లాడేటప్పుడే సాయంత్రం చీకటి పడేదాకా వెయిటింగ్ అని గట్టిగా చెప్పుకున్నాం. నెల్లూరులో నాలుగున్నరకి బయల్దేరితే తెల్లవారేసరికి దొరవారిసత్రం దాటి గేటు దగ్గరున్నాం.

నేలపట్టు చెరువులో కడప అనే చెట్లు నీళ్లలోనే నిలబడి ఉంటాయి. వాటి మీదే గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కడతాయి. వాచ్ టవర్ ఎక్కి బైనాక్యులర్ పెట్టగానే ఒక గూడు సరిగ్గా ఎదురుగా దొరికింది. తల్లి నోరు తెరిచింది, పిల్ల మెడదాకా తల లోపలికి దూర్చేసింది. తల్లి ముక్కు కింది సంచి అటూ ఇటూ కదులుతోంది. నాన్న కంగారుగా, "ఏందమ్మా, పిల్లని మింగేస్తందా?" అన్నారు. కాదు, తల్లి తెచ్చిన చేపల్ని పిల్ల ఆ సంచిలోంచే తింటుంది. పిల్ల తల బయటికి తీసేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం. ఆ ఒక్క గూడు దగ్గరే అరగంట గడిచింది. ప్యాకేజీలో వెళ్తే ఈ అరగంట ఎవరిస్తారు?

పక్క కొమ్మ మీద నత్తగుల్ల కొంగలు. ముక్కు పై భాగానికీ కింది భాగానికీ మధ్య సందులోంచి వెనకాల ఆకాశం కనిపిస్తుంది. పిల్లలకి ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. నల్లతల కంకణాలు, నీటికాకులు, పగలంతా కునుకు తీసే చింతవొక్కులు (నైట్ హెరాన్లు) కూడా చూశాం. 1976లో నేలపట్టుని అభయారణ్యంగా ప్రకటించారు. కానీ ఊరివాళ్లకి ఈ పక్షులు అంతకుముందు నుంచీ సొంత చుట్టాలే. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలమని వాళ్ల నమ్మకం.

మధ్యాహ్నం తెచ్చుకున్న పులిహోర తిని, మూడింటికి సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు పట్టాం. రోడ్డుకి రెండు పక్కలా పులికాట్ సరస్సు. షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) చెక్‌పోస్టు రాకముందే జాగ్రత్తగా పక్కకి ఆపుకోవాలి. ఫ్లెమింగోలు దూరంగా, లోతు లేని బురదలో తల తలకిందులుగా పెట్టి మేస్తున్నాయి. ఎగిరినప్పుడు మాత్రం రెక్కల్లో దాచుకున్న ఎరుపూ నలుపూ ఒక్కసారిగా విచ్చుకుంటాయి. వానలు ఎక్కువ పడి సరస్సు నిండుగా ఉంటే ఇవి వేరే చోటికి పోతాయి, అది మాత్రం మన చేతిలో లేదు. నేలపట్టులో 8×42 బైనాక్యులర్ చాలు, ఇక్కడ స్టాండు మీద పెట్టుకునే స్పాటింగ్ స్కోప్ ఉంటే ఇంకా బాగుంటుంది.

ఐదు దాటాక రోడ్డుకి బాగా దగ్గర మడుగులో తెల్లటి పక్షి ఒకటి తల వంచుకుని, కొడవలితో కోత కోసినట్టు ముక్కు అటూ ఇటూ ఆడిస్తూ నడుస్తోంది. ముక్కు చివర గరిటెలాగా వెడల్పు. నాకు మాట రాలేదు. నాన్న చెయ్యి పట్టుకుని లాగాను. "అదేనా?" అని మెల్లగా అడిగారు. అదే, స్పూన్‌బిల్! అది మేస్తూ మేస్తూ మడుగు చివరికి చేరేదాకా పది నిమిషాలు చూశాం.

అర మార్కు ఎందుకు తగ్గించానంటే, ఉదయం కొందరు ఫోన్‌లో పాటలు పెట్టి, పక్షులు ఎగరాలని చప్పట్లు కొట్టారు. గూళ్లలో పిల్లలున్న చోట అలా చేస్తే చాలా బాధేస్తుంది. దయచేసి అలా చెయ్యకండి.

తిండి, మంచినీళ్లు మీరే తెచ్చుకోండి. ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లో జనం ఎక్కువ, పక్షుల కోసమే అయితే మామూలు రోజు, అదీ సెలవు లేని రోజు వెళ్లండి. డిసెంబర్ రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా మంచి టైమ్. మేం వచ్చే డిసెంబర్‌కి అదే డ్రైవర్‌కి ఇప్పుడే చెప్పి పెట్టాం.