అక్షరాల బోర్డా, బొమ్మల బోర్డా: ఏది మేలు?

ఊరి నుంచి సొంత కారులో హైదరాబాద్ వచ్చే చుట్టాలందరూ అడిగేది ఒకటే: "బోర్డులు చూసుకుంటూ వచ్చేయొచ్చా?" వచ్చేయొచ్చు. ఏ బోర్డును ఎంత నమ్మాలో తెలిస్తే చాలు.

పెట్రోల్ బంకు, పార్కింగ్ లాంటి వాటికి బొమ్మే మేలు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు దాటేస్తుంది. తెలుగు, ఇంగ్లిష్, ఉర్దూ వరుసల్లో మనకొచ్చిన వరుస వెతుక్కునేలోపే మలుపు వెనకబడిపోతుంది. నీలం పలక మీద పంపు బొమ్మకు ఆ ఇబ్బంది లేదు, చదువు రాని వాళ్లకూ అర్థమవుతుంది.

అన్ని బొమ్మలూ అంత తేలిక కాదు. మంచం ఒక్కటే ఉంటే విశ్రాంతి స్థలం, దానికి క్రాస్ గుర్తు తోడైతే ఆసుపత్రి. మొన్న నల్గొండ నుంచి వచ్చిన మా బాబాయి వాళ్లు ఉట్టి మంచం చూసి ఆసుపత్రే అనుకున్నారట. లెర్నింగ్ లైసెన్స్ పరీక్షకు చదువుతున్న చెల్లెలు చెబితే గానీ తేడా తెలియలేదు. సమాచార కేంద్రానికి పెట్టే 'ఐ' గుర్తును మా పిన్ని ఒకటో నంబర్ అనుకుంది. ఆమె తప్పేం లేదు. అది బొమ్మ కాదు, ఇంగ్లిష్ అక్షరం. కింద 'సమాచారం' అని తెలుగులో ఉంటే ఎంత బాగుండేది!

చూడదగ్గ చోట్లకు మాత్రం నా ఓటు గోధుమరంగు పేర్ల బోర్డుకే. అయితే బోర్డు మీది పేరూ జనం నోట్లో పేరూ ఒకటేనా అన్నదే అసలు సంగతి. చార్మినార్, గోల్కొండలకు బాధ లేదు. కుతుబ్‌షాహీ సమాధులను ఇక్కడ చాలామంది సెవెన్ టూంబ్స్ అనే అంటారు. నేనూ అలాగే చెప్పి గేటు దగ్గర నిలబడ్డాను. కాసేపటికి బాబాయి ఫోన్: "ఒరేయ్, కుతుబ్‌షాహీ అని ఉంది గానీ సెవెన్ అని ఎక్కడా లేదురా!" అప్పటికే ఆ బోర్డును రెండుసార్లు దాటారు. ఎండలో పిన్ని, పిల్లలు కారులోనే. నాకు చాలా బాధేసింది.

మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఫ్లైఓవర్ కింద పిల్లర్ నంబర్ చెబితే ఏ భాష వాళ్లకైనా సరిపోతుంది, కానీ అది ఆ రోడ్డు వరకే. ఫోన్‌లో మ్యాప్ ఎలాగూ ఉంటుంది.

ఇప్పుడు ఎవరు వస్తున్నా రెండు పేర్లూ చెబుతున్నాను: "సెవెన్ టూంబ్స్‌కి రండి, బోర్డు మీద కుతుబ్‌షాహీ అని ఉంటుంది."