ప్రొబేటా, సక్సెషన్ సర్టిఫికెట్టా, తహసీల్దార్ పత్రమా: ఏది మేలు?

ఇంట్లో పెద్దవాళ్లు పోయాక, కర్మకాండలు ముగిసీ ముగియకముందే సలహాలు మొదలవుతాయి. "తహసీల్దార్ ఇచ్చే కాగితం చాలు" అంటారు ఒకరు. "కోర్టుకెళ్లి సక్సెషన్ తెచ్చుకోవాల్సిందే" అంటారు ఇంకొకరు. విల్లు ఉందని తెలిస్తే చెన్నైలో స్థిరపడ్డ బంధువు "ప్రొబేట్ లేకుండా ఏదీ కదలదు" అని తేల్చేస్తాడు. ముగ్గురూ తాము పడ్డ పాట్లను బట్టే చెబుతారు, అబద్ధం కాదు. కానీ ఈ మూడూ మూడు వేర్వేరు పనులకు పుట్టిన కాగితాలు. పోయినవారి పేరు మీద ఏమేం ఉన్నాయో, వాటిలో దేనికి నామినీ ఉన్నారో ముందు ఒక కాగితం మీద రాసుకోండి. ఏ ఆఫీసు మెట్లెక్కాలో ఆ జాబితాను బట్టే తెలుస్తుంది. వకీలు దగ్గరికి వెళ్లేది ఆ తర్వాతే.

వీటిలో సులువైనది తహసీల్దార్ ఇచ్చే కాగితం, అంటే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. మీ సేవలోనో, సచివాలయంలోనో దరఖాస్తు చేస్తే రెవెన్యూ సిబ్బంది విచారించి ఇస్తారు. ఖర్చు తక్కువ, కోర్టు లేదు. ఫ్యామిలీ పెన్షన్, గ్రాట్యుటీ, ఉద్యోగ బకాయిలు, కారుణ్య నియామకం లాంటివాటికి ఇదే ఆధారం. దీని హద్దు కూడా తెలుసుకోవాలి. ఫలానా వాళ్లు కుటుంబ సభ్యులని మాత్రమే ఇది చెబుతుంది. ఎవరికెంత వాటా అన్నది దీని పని కాదు.

ఎక్కువ తగాదాలు పుట్టేది ఈ పేర్ల జాబితా దగ్గరే. పెళ్లయిన ఆడపిల్లల పేర్లు వదిలేయడం ఒక పాత అలవాటు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం విల్లు రాయకుండా పోయిన మగవాడి స్వార్జితంలో కొడుక్కెంతో కూతురికీ అంతే. అంతకంటే తరచుగా మరిచిపోయేది తల్లిని. కొడుకు పోతే భార్యాబిడ్డలతో పాటు బతికున్న తల్లికీ సమాన వాటా ఉంటుంది. తండ్రి మాత్రం రెండో తరగతి వారసుడు, మొదటి తరగతిలో ఎవరైనా ఉంటే ఆయనకు ఏమీ రాదు. పోయినది స్త్రీ అయితే లెక్క మారుతుంది. ఆమెకు పిల్లలు గానీ, చనిపోయిన పిల్లల సంతానం గానీ లేకపోతే, తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి భర్తకు కాక ఆమె తండ్రి వారసులకు వెళుతుంది.

సక్సెషన్ సర్టిఫికెట్ డబ్బుకు సంబంధించినది. 1925 నాటి భారత వారసత్వ చట్టం కింద, పోయినవారు నివసించిన ప్రాంతపు కోర్టు ఇస్తుంది. బ్యాంకు డిపాజిట్లు, షేర్లు, బాండ్లు, ఇతరుల నుంచి రావలసిన బాకీలు దీని పరిధిలోకి వస్తాయి. ఇల్లూ పొలమూ రావు. ఇంటి కోసం సక్సెషన్ సర్టిఫికెట్‌కు తిరుగుతున్నవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు, ఇది వాళ్లకు ఎవరూ ముందే చెప్పరు. దీనితో వచ్చే ప్రధాన లాభం అవతలివాళ్లకు. ఈ పత్రం చూసి మంచి నమ్మకంతో డబ్బు ఇచ్చేసిన బ్యాంకును రేపు మరో వారసుడు వచ్చి నిలదీయలేడు. పెద్ద మొత్తాలకు బ్యాంకులు దీన్ని పట్టుబట్టి అడిగేది అందుకే. ఎవరూ అడ్డు చెప్పకపోయినా నోటీసులు, ప్రకటన, విచారణ కలిసి నెలలు పడుతుంది. విలువను బట్టి కోర్టు ఫీజు కూడా ఉంటుంది.

కాబట్టి కోర్టుకు వెళ్లే ముందు బ్యాంకులో ఒక ప్రశ్న అడగాలి: నామినీ ఉన్నారా? ఉంటే మరణ ధ్రువపత్రం, గుర్తింపు కార్డులతో పని అయిపోతుంది. లేకపోయినా, 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం వాణిజ్య బ్యాంకుల్లో రూ. 15 లక్షల దాకా, వారసుల మధ్య గొడవ లేకపోతే, కోర్టు కాగితం లేకుండానే తేల్చాలి. పత్రాలన్నీ అందాక గడువు 15 రోజులు. పన్నెండు లక్షల డిపాజిట్ కోసం సక్సెషన్ సర్టిఫికెట్ వేయించడం నా దృష్టిలో శుద్ధ దండగ.

అయితే నామినీ యజమాని అనుకోకండి. డబ్బు అందుకునేది నామినీ, దాని మీద హక్కు వారసులది. సుప్రీంకోర్టు 1984లో బీమా పాలసీ విషయంలోనూ, 2023లో షేర్లు, మ్యూచువల్ ఫండ్ల విషయంలోనూ ఇదే చెప్పింది. బీమాకు మాత్రం 2015 సవరణతో ఒక మినహాయింపు వచ్చింది. తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, పిల్లలు నామినీలైతే సాధారణంగా ఆ సొమ్ము వాళ్లదే అవుతుంది.

ఇక ప్రొబేట్. విల్లు నిజమైనదేనని కోర్టు వేసే ముద్ర అది, అందులో కార్యనిర్వాహకుడిగా, అంటే విల్లును అమలు చేసే ఎగ్జిక్యూటర్‌గా, పేరున్న వ్యక్తికే ఇస్తారు. అలా ఎవరి పేరూ రాయకపోతే, విల్లును జతచేసి లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్, అంటే ఆస్తి వ్యవహారాలు చక్కబెట్టే అధికారపత్రం, కోర్టును అడగాలి. ఆ ఆస్తి నిజంగా రాసినవారిదేనా అన్నది ప్రొబేట్ కోర్టు తేల్చదు. చెన్నై బంధువు మాట వెనక కథ ఏమిటంటే, ప్రొబేట్ తప్పనిసరి అన్న నిబంధన ప్రధానంగా మద్రాసు, బొంబాయి, కలకత్తా హైకోర్టుల పరిధి కోసం పుట్టింది, 2025 డిసెంబరులో దాన్ని చట్టం నుంచి తీసేశారు. తెలుగు రాష్ట్రాల్లో రాసి, ఇక్కడి ఆస్తినే పంచిన హిందువుల విల్లుకు అంతకుముందూ ఆ నిర్బంధం లేదు. మరి ఎప్పుడు మేలు? విల్లులో వాటా దక్కని కొడుకో కూతురో సంతకం మీద అనుమానం లేవనెత్తినప్పుడు. సాక్షుల్లో కనీసం ఒకరు వచ్చి చెప్పాలి కాబట్టి, వాళ్లు ముసలివాళ్లయితే ఆలస్యం చేయకపోవడం మంచిది. విల్లును రిజిస్టర్ చేయించి ఉంటే కాస్త బలమే గానీ, అది సాక్షికి బదులు కాదు.

పొలం, ఇల్లు విషయంలో ఈ మూడింటికంటే మేలైనది నాలుగోది: వారసులంతా కూర్చుని రాసుకునే పంపకాల దస్తావేజు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ దీనికి పునాది. రిజిస్టర్ చేయించాక ఎవరి భాగానికి వాళ్లు మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పిడి, పెట్టుకుంటారు. తన వాటా వద్దనుకున్న చెల్లెలు హక్కు విడుదల దస్తావేజు రాస్తుంది. నోటిమాటగా "నాకేం వద్దన్నయ్యా" అన్నది రేపు ఆస్తి అమ్మేటప్పుడు కొనుగోలుదారు వకీలు దగ్గర పనికిరాదు. మ్యుటేషన్ ఒక్కటే చేయించి ఊరుకుంటారు కొందరు, రెవెన్యూ రికార్డులో పేరెక్కినంత మాత్రాన హక్కు రాదు. ఒక్కరు ససేమిరా అన్నా ఈ దారి మూసుకుపోతుంది, అప్పుడు సివిల్ కోర్టులో భాగ పరిష్కార దావాయే మిగులుతుంది.

అమెరికాలో ఉన్న తమ్ముడు రాలేనంటే దావా దాకా పోనక్కర్లేదు. తన తరఫున సంతకం చేసే అధికారం ఇక్కడివాళ్లకు ఇస్తూ, అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) పంపితే చాలు. అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు వేయించాలి.