గుజ్జు దెబ్బతింటే సూది మేలా, కసరత్తు మేలా?

షటిల్ ఆడుతుంటే కాలు మడతపడి మోకాలు వాచిపోయింది. ఎమ్మారైలో కార్టిలేజ్ కొంత దెబ్బతిందని తేలింది. మన ఇళ్ళల్లో గుజ్జు అనేది దాన్నే. ఆపరేషన్ అవసరం లేదని ఎముకల డాక్టరు చెప్పగానే సలహాలు మొదలయ్యాయి. ఒకరు జెల్ ఇంజెక్షన్ అన్నారు, ఇంకొకరు పీఆర్‌పీ. మా పెద్దమ్మయితే మేక కాళ్ళ సూప్ తాగితే చాలంది.

ఏది ఎంచుకోవాలన్నా ముందు ఒక సంగతి తెలియాలి. గుజ్జులో రక్తనాళాలు ఉండవు. కీలు కదులుతూ ఒత్తిడి పడి వదిలినప్పుడల్లా చుట్టూ ఉన్న ద్రవం నుంచి స్పాంజిలా పోషణ పీల్చుకుంటుంది. అందుకే చర్మం మీద గాయం మానినట్టు మానదు. దెబ్బతిన్న గుజ్జు మానదన్న ఈ మాట బ్రిటిష్ వైద్యుడు విలియం హంటర్ 1743లోనే లండన్ రాయల్ సొసైటీ పత్రికలో రాశాడు. కాబట్టి 'గుజ్జు మళ్ళీ పెంచుతాం' అనే బోర్డు కనిపిస్తే నేను ఆగకుండా వెళ్ళిపోతాను.

స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో నొప్పి త్వరగా తగ్గుతుంది, కానీ ఆ సుఖం కొన్ని వారాలే. షుగర్ ఉన్నవాళ్ళకి కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది కూడా. పదే పదే వేయించుకుంటే అసలుకే మోసం. 2017లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో అరిగిన మోకాళ్ళున్న 140 మందిలో సగం మందికి మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్ళు స్టెరాయిడ్, మిగతావాళ్ళకి ఉత్త సెలైన్ ఇచ్చారు. నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు, గుజ్జు మాత్రం స్టెరాయిడ్ వాళ్ళకే ఎక్కువ తగ్గింది. ఇక స్టెరాయిడ్ సూదినీ ఫిజియోథెరపీనీ (నిపుణులు నేర్పే కసరత్తు వైద్యం) నేరుగా పోల్చింది 2020 నాటి అధ్యయనం. 156 మందిని ఏడాది తర్వాత చూస్తే ఫిజియోథెరపీ చేసినవాళ్ళే మెరుగ్గా ఉన్నారు.

పీఆర్‌పీ అంటే మన రక్తాన్నే కొంచెం తీసి, యంత్రంలో గిరగిరా తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న భాగాన్ని కీల్లోకి ఎక్కించడం. వినడానికి బాగుంటుంది, బిల్లు చూస్తేనే టెన్షన్. ఆస్ట్రేలియాలో 288 మంది మీద చేసి 2021లో ప్రచురించిన పరీక్షలో ఏడాది తర్వాత నొప్పిలో గానీ, గుజ్జులో గానీ సెలైన్‌ కంటే అది మెరుగని తేలలేదు. కీలు సాఫీగా కదలడానికని ఎక్కించే జెల్ సంగతీ అంతే. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు అరిగిన కీళ్ళకి దాన్ని ఇవ్వొద్దనే అంటాయి. (ఆ జెల్లో కొన్ని రకాలు కోడిపుంజు నెత్తిమీది ఎర్రజుట్టు నుంచి తీసినవే. పెద్దమ్మకి చెబితే సూప్ మీద నమ్మకం ఇంకా పెరిగింది.) గుజ్జుకి మంచిదని అమ్మే గ్లూకోసమైన్ మాత్రల మీద డబ్బు పెట్టను. స్టెమ్ సెల్స్‌ని (మూలకణాలు) ఎక్కించడాన్నైతే కీళ్ళకి ఇంకా పరిశోధన దశలోని వైద్యంగానే మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చూస్తాయి.

నేను ఎంచుకున్నది కసరత్తే. మోకాలి కింద తువ్వాలు చుట్టపెట్టి తొడ బిగించడం, కాలు వంచకుండా పైకెత్తడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం. మొదటి మూడు వారాలు ఏమీ తేడా కనిపించక విసుగొచ్చింది. సూది ఇచ్చే సుఖం దీనికి లేదు. నొప్పి మరీ ఎక్కువై కాలే కదపలేనివాళ్ళు ఒక్క స్టెరాయిడ్ వేయించుకుని, ఆ వారాల్లో కసరత్తు మొదలుపెడితే నేను తప్పు పట్టను. బరువు తగ్గడం కూడా ఇందులో భాగమే. కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని లెక్కగట్టారు.

ఒక చిక్కుంది. పైన చెప్పిన అధ్యయనాలు వయసుతో అరిగిన మోకాళ్ళ మీద చేసినవి. ఆటలో దెబ్బ తగిలిన పాతికేళ్ళ కుర్రాడికి అవి అచ్చంగా వర్తించవు. గుజ్జు ముక్క ఊడి లోపల తిరుగుతూ, మోకాలు ఉన్నట్టుండి పట్టేసి చాచలేకపోతుంటే కసరత్తులతో కాలయాపన చేయకూడదు, సర్జన్‌ని కలవాల్సిందే.

నా కాలికైతే ఇది ఐదో నెల. మెట్లు హాయిగా ఎక్కుతున్నాను. బాసింపట్టు వేసుకుని భోజనానికి కూర్చోవడం మాత్రం ఇంకా కుదరలేదు.