నోయాటక్, కోబుక్: మొదటి ఆర్కిటిక్ పడవ యాత్రకు ఏది మేలు?

అలాస్కాలోని బ్రూక్స్ పర్వతాలకు వెళ్లాలనుకునేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. రెండు నదులూ పడమరకే పారతాయి. రెండింటి ఎగువకూ సాధారణంగా బెటిల్స్ అనే చిన్న ఊరి నుంచి నీటి విమానంలో (నీటి మీద దిగే చిన్న విమానం) చేరతారు. మడత కయాకో, గాలి నింపే పడవో అయితే అందులో సులువుగా పడుతుంది.

నీటి ఉధృతి ఒక్కటే చూస్తే నోయాటక్ సులువు. పై కొసన కొన్ని రాళ్ల ఒరవళ్లు దాటితే చాలావరకు నిదానమైన ప్రవాహమే. కోబుక్‌లో యాత్ర మొదలయ్యే వాకర్ సరస్సు దాటాక రెండు కనుమలు (నిటారు గట్ల ఇరుకు లోయలు) వస్తాయి. ఒరవళ్ల కష్టాన్ని ఒకటి నుంచి ఆరు తరగతులుగా లెక్కిస్తారు; నీటిమట్టాన్ని బట్టి అక్కడి ఒరవడి మూడో తరగతికి, ఒక్కోసారి ఆపైకీ పోతుంది. కనుమ మొదలవకముందే ఒడ్డుకు చేరి, నడిచి చూసి రావాలి. సందేహముంటే సామాను మోసుకుపోవడమే.

అయినా మా ఓటు కోబుక్‌కే. కారణం చెట్లు. నోయాటక్ ఎగువంతా చెట్లు మొలవని టండ్రా, విల్లో పొదలు తప్ప చాటు లేదు. వేసవిలో పడమటి గాలి నదికి ఎదురు వీస్తుంది, గాలి నింపిన పడవ ఆగిపోయినంత పనవుతుంది. వానలో తడిసి, 5 డిగ్రీల చలిలో ఒడ్డుకొస్తే మంటకు కట్టె దొరకదు. ఒళ్లు చల్లబడి మాట తడబడేది అప్పుడే. నోయాటక్‌కే వెళ్తే ఇద్దరికి పది రోజులకు స్టవ్ ఇంధనం రెండున్నర లీటర్లు ఉండాలి. ప్రయాణికుల విమానాల సామానులో దాన్ని రానివ్వరు, బెటిల్స్‌లో దొరికేలా ముందే మాట్లాడుకోవాలి. జూన్‌లో సూర్యుడు అస్తమించడు గనుక గాలి తగ్గే రాత్రివేళ తెడ్డు వేయడం మేలు. కింద నేల గడ్డకట్టి ఉండటంతో వాన నీరు ఇంకక నది గబగబా పొంగుతుంది. గులకరాళ్ల దిబ్బ మీద గుడారం నీటి అంచు కంటే మీటరున్నర ఎత్తునైనా ఉండాలి.

కోబుక్‌లో స్ప్రూస్ (సూదాకుల చెట్టు) అడవి గాలికి అడ్డం, కొట్టుకొచ్చిన దుంగలు కట్టెలకు. వాకర్ సరస్సు నుంచి సుమారు 200 కిలోమీటర్లు దిగితే కోబుక్ ఊరు, అక్కడే విమానాల రన్‌వే. నోయాటక్‌లో మధ్యలో ఆపేస్తే నీటి విమానం కోసం ఎదురుచూడాలి, మబ్బు పడితే అది రాదు. మూడు రోజుల తిండి అదనంగా ఉంచుకోవాలి.

చేపలకు నోయాటక్‌లో గ్రేలింగ్, ఆగస్టు నుంచి చార్. వాన తర్వాత నీరు బురదైతే తేట ఏళ్లు కలిసే చోట గాలం వేయాలి. కోబుక్‌లో షీఫిష్ ఉంది. అలాస్కా రికార్డు చేప 1986లో కోబుక్ ఉపనది అయిన పా నదిలో దొరికింది, 53 పౌండ్లు! ఆగస్టులో లోతైన మడుగుల అడుగుకు దిగే బరువైన చెంచా ఎర, 15 పౌండ్ల దారం సరిపోతాయి. దానికి కోరపళ్లు లేవు, దారం తెగకుండా కట్టే ఉక్కు తీగ పదునైన పళ్లున్న పైక్ చేపకే కావాలి.

జాన్, అలట్నా నదులూ ఉన్నాయి. వారమే సెలవుంటే, గ్రేలింగ్ చాలనుకుంటే అవి చాలు.