ఏడేళ్ల వాడకం తర్వాత మిగిలిన తొమ్మిది ప్లగిన్లు

మా మామయ్యకు కోఠీలో పాత పుస్తకాల షాపు ఉంది. షాపంటే పెద్దదేం కాదు, ఇద్దరు నిలబడితే మూడోవాడు బయటే ఆగాలి. 2018లో ఆ షాపుకు నేనే వర్డ్‌ప్రెస్‌లో (కోడ్ రాయడం రాకపోయినా సైట్ చేసుకోగలిగే సాఫ్ట్‌వేర్) సైట్ చేసిపెట్టాను. నేను ప్రోగ్రామర్ని కాదు, ఉద్యోగం అకౌంట్స్‌లో. అందుకే ఏ అవసరం వచ్చినా నాకు తోచే దారి ఒక్కటే: ప్లగిన్ (సైట్‌కు కొత్త పని జోడించే చిన్న ప్రోగ్రామ్) వెతకడం, ఎక్కించడం. 2021 నాటికి డ్యాష్‌బోర్డులో లెక్కపెడితే 31 ఉన్నాయి. ఇప్పుడు తొమ్మిది. ఈ మధ్యలో జరిగిందే ఈ సమీక్ష.

ప్లగిన్లను ఎంచడానికి అందరూ స్టార్లు చూస్తారు, ఎన్ని సైట్లలో నడుస్తోందో చూస్తారు. నేనూ అవే చూసేవాణ్ని. ఇప్పుడు వాటికంటే ముందు ఇంకో సంగతి చూస్తాను. రేపు దీన్ని తీసేస్తే సైట్‌లో ఏం మిగులుతుంది? ఈ ప్రశ్న నాకు నేర్పింది ఒక పేజీ బిల్డర్. పేరు చెప్పను. మౌస్‌తో లాగి పెట్టేస్తే పేజీ తయారయ్యే రకం. 2018 డిసెంబర్‌లో వర్డ్‌ప్రెస్ 5.0తో, పేజీని ముక్కలు ముక్కలుగా పేర్చుకునే కొత్త బ్లాక్ ఎడిటర్ వచ్చింది. అది నాకు అప్పట్లో కొరుకుడు పడక, డాలర్లలో డబ్బు కట్టి మరీ ఈ బిల్డర్ కొన్నాను. మామయ్య ముచ్చటపడ్డాడు. హోమ్ పేజీలో పుస్తకాలు ఒకదాని వెంట ఒకటి జారుతూ పోతుంటే షాపుకొచ్చిన వాళ్లందరికీ ఫోన్ తీసి చూపించేవాడు.

2021 అక్టోబర్ 1 నుంచి కార్డుల ఆటో డెబిట్‌కు రిజర్వ్ బ్యాంక్ కొత్త నిబంధన అమల్లోకి వచ్చింది కదా, నా రెన్యూవల్ దాంతో ఆగిపోయింది. లైసెన్స్ అయిపోయినా ప్లగిన్ పనిచేస్తూనే ఉంటుంది, అప్‌డేట్లు మాత్రం రావు. నడుస్తోంది కదా అని నేనూ పట్టించుకోలేదు. సుమారు ఏడాది గడిచాక, 2022 నవంబర్‌లో పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్‌ను రాసిన ప్రోగ్రామింగ్ భాష) 7.4కు సపోర్ట్ ముగిసింది. మా హోస్టింగ్ వాళ్లు, అంటే మా సైట్‌ను తమ సర్వర్‌లో ఉంచేవాళ్లు, డిసెంబర్‌లో దాన్ని పీహెచ్‌పీ 8కి మార్చారు. మెయిల్ పంపారట, నేను చూడలేదు. పాత బిల్డర్ కొత్త పీహెచ్‌పీ మీద కూలబడింది. అది బుక్ ఫెయిర్ సీజన్. నేను ఎన్టీఆర్ స్టేడియంలో స్టాళ్ల మధ్య తిరుగుతున్నాను. మామయ్య ఫోన్: "ఒరేయ్, సైట్ ఓపెన్ అయితలేదురా, తెల్లగ ఒస్తున్నది."

వర్డ్‌ప్రెస్ 5.2 నుంచి రికవరీ మోడ్ అని ఒకటుంది. ఏదైనా ప్లగిన్ వల్ల సైట్ పడిపోతే అడ్మిన్ మెయిల్‌కు ఒక లింకు వస్తుంది. ఆ లింకులోంచి లోపలికి వెళ్లి ఆ ప్లగిన్ ఆపేయొచ్చు. ఆ మెయిల్ నాకు రాలేదు. సైట్ నుంచి వెళ్లే మెయిళ్లేవీ ఎవరికీ సరిగ్గా అందడం లేదని తర్వాత తేలింది, ఆ కథ వేరే. చివరికి స్టేడియం గేటు దగ్గర ఒక మూల కూర్చుని, ఫోన్‌లోనే హోస్టింగ్ వాళ్ల కంట్రోల్ పేజీ (సీప్యానెల్) తెరిచి, ఫైల్ మేనేజర్‌లో ఆ ప్లగిన్ ఫోల్డర్ పేరు చివర ఒక అక్షరం చేర్చాను. పేరు మారితే వర్డ్‌ప్రెస్‌కు ఆ ప్లగిన్ కనబడదు, దాన్ని ఆపేస్తుంది. సైట్ లేచింది. కానీ ఎలా లేచిందీ! జారే పుస్తకాలు పోయాయి. వాటి చోట చదరపు బ్రాకెట్లు, వాటి మధ్య అర్థంకాని మాటలు, పేజీ నిండా. ఆ రకం బిల్డర్లు మన రాతను షార్ట్‌కోడ్‌లనే తమ సొంత బ్రాకెట్ గుర్తుల మధ్య ఇరికించి దాస్తాయి. బిల్డర్ పోతే షార్ట్‌కోడ్‌లు బయటపడతాయి. 140 పేజీలు. సంక్రాంతి సెలవులు మొత్తం వాటిని చేత్తో ఏరడానికే సరిపోయాయి. బ్లాక్ ఎడిటర్ నేర్చుకున్నది ఆ సెలవుల్లోనే. 2018లోనే నేర్చుకుని ఉంటే ఆ డాలర్లు మిగిలేవి.

బిల్డర్లన్నీ ఇంతేనని అనను. ఎలిమెంటార్ ఆపేస్తే అలంకారం పోతుంది గానీ రాత మామూలుగానే మిగులుతుందని ఒక టెస్ట్ సైట్‌లో చూశాను. అయినా మళ్లీ బిల్డర్ జోలికి వెళ్లలేదు.

ఇక మెయిల్. షాపు సైట్‌కు ఇంతకంటే ముఖ్యమైన ప్లగిన్ లేదు. ఇంతకంటే ఆకర్షణ లేని ప్లగిన్ కూడా లేదు. మనం ఏమీ చెప్పకపోతే వర్డ్‌ప్రెస్ సర్వర్‌లోని పీహెచ్‌పీ మెయిల్‌తో ఉత్తరాలు పంపుతుంది. చిరునామా మనదే ఉంటుంది గానీ సంతకం ఉండదు, కాబట్టి జీమెయిల్ అనుమానిస్తుంది. డబ్ల్యూపీ మెయిల్ ఎస్‌ఎమ్‌టీపీ అనే ప్లగిన్ ఆ ఉత్తరాలను మన అసలు మెయిల్ ఖాతా గుండా పంపిస్తుంది. పెట్టడానికి అరగంట పడుతుంది, డొమైన్‌లో ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు (ఆ మెయిల్ మనదేనని చెప్పే రుజువులు) చేర్చడానికి ఇంకో అరగంట. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ ఈ విషయంలో ఇంకా గట్టిగా ఉంటోంది. ఇది పెట్టాక "ఆర్డర్ పెట్టిన, మెయిల్ రాలేదు" అనే ఫోన్లు దాదాపు ఆగిపోయాయి. ఉచిత రకమే వాడుతున్నాను. డ్యాష్‌బోర్డులో పెద్దది కొనమని గొణుగుతూ ఉంటుంది, పోనీలే.

సైట్‌ను ఆన్‌లైన్ షాపుగా మార్చే వూకామర్స్ గురించి చాలామంది రాశారు కాబట్టి చరిత్ర ఒక్క ముక్కలో: 2011లో వూథీమ్స్ వాళ్లు తెచ్చారు, 2015లో ఆటోమాటిక్ కంపెనీ కొన్నది. మాకు నచ్చింది ఏంటంటే, పుస్తకం పేరు, ధర, ఫొటో పెట్టడం మామయ్య కూడా నేర్చుకున్నాడు. క్యాష్ ఆన్ డెలివరీ అందులోనే ఉంది, వేరే ప్లగిన్ అక్కర్లేదు. మాకు ఇబ్బంది ఎక్కడొచ్చిందో చెబుతాను, పాత సరుకు అమ్మే ఎవరికైనా పనికొస్తుంది. మా దగ్గర ఏ పుస్తకమైనా ఒక్కటే కాపీ. స్టాక్ 1 అని పెడతాం. ఎవరైనా ఆర్డర్ పెట్టి డబ్బు కట్టకుండా ఆగితే వూకామర్స్ ఆ కాపీని 60 నిమిషాలు పట్టి ఉంచి, తర్వాత ఆర్డర్ రద్దు చేసి, పుస్తకాన్ని మళ్లీ అమ్మకానికి పెడుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ మనవాళ్లు యూపీఐతో కడతారు. బ్రౌజర్‌లోంచి ఫోన్‌పే లాంటి యాప్‌లోకి వెళ్తారు, డబ్బు కడతారు, అటునుంచి అటే వాట్సాప్‌లోకి వెళ్లిపోతారు. సైట్‌కు తిరిగి రారు. డబ్బు వచ్చిన సంగతి సైట్‌కు తెలియదు. గంట తర్వాత ఆర్డర్ రద్దు. అలా ఒక పాత నిఘంటువును వరంగల్ ఆయనకూ, మల్కాజిగిరి ఆవిడకూ అమ్మేశాం. ఇద్దరి డబ్బూ వచ్చింది, పుస్తకం ఒక్కటే. ఆయన రిటైర్డ్ తెలుగు మాస్టారు. మామయ్య ఫోన్ చేసి సారీ చెబితే నిఘంటువు ఎలా వాడాలో అరగంట పాఠం చెప్పారు.

తప్పు ప్లగిన్‌ది కాదు, నాది. పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్ డబ్బు వసూలు చేసిపెట్టే కంపెనీ) ప్లగిన్ ఎక్కించాను గానీ వెబ్‌హుక్ పెట్టలేదు. వెబ్‌హుక్ అంటే, కొన్నవాళ్లు సైట్‌కు తిరిగి రాకపోయినా గేట్‌వే సర్వర్ నేరుగా మన సైట్‌కు "డబ్బు ముట్టింది" అని చెప్పే ఏర్పాటు. సెట్టింగుల్లో చివరి గడి అది, నేను ఖాళీగా వదిలేశాను. మీరు వదలకండి.

బ్యాకప్‌కు అప్‌డ్రాఫ్ట్‌ప్లస్. ఎక్కడ దాచాలో మనం చెప్పకపోతే కాపీలు అదే సర్వర్‌లో పెడుతుంది. ఇల్లు తాళం వేసి, తాళంచెవి తలుపుకే వేలాడదీసినట్టు. గూగుల్ డ్రైవ్‌కు కలపడం ఉచిత రకంలోనే ఉంది, అది మొదటి రోజే చేయాలి. రెండోది, మామూలుగా రెండు కాపీలే ఉంచుతుంది, మూడోది రాగానే పాతది చెరిపేస్తుంది. ఇది నాకెలా తెలిసిందంటే... అమీర్‌పేటలో పరిచయమైన ఒక కుర్రాడు, డబ్బు పెట్టి కొనాల్సిన ఒక ప్లగిన్ జిప్ ఫైల్‌ను 200 రూపాయలకు ఇచ్చాడు. "అన్నా, ఒరిజినలే, లైసెన్స్ మాత్రం తీసేసినం" అన్నాడు. ఆశపడి ఎక్కించాను. మూడు వారాల తర్వాత గూగుల్‌లో మా షాపు పేరు కొడితే కింద జపనీస్ అక్షరాలు. ఎవరో మా సైట్ లోపల వేల నకిలీ పేజీలు పుట్టించారు. బ్యాకప్ ఉందిలే అని తెరిస్తే, వారానికి ఒకటి చొప్పున ఉన్న రెండు కాపీలూ అప్పటికే చెడినవే. అదృష్టవశాత్తు అంతకు ముందు నెల పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నది ఒకటి దొరికింది. ఇప్పుడు ఎనిమిది కాపీలు ఉంచుతున్నాను, సర్వర్‌లో కాదు, డ్రైవ్‌లో.

ఒక మాట. 2022 ఫిబ్రవరిలో అప్‌డ్రాఫ్ట్‌ప్లస్‌లోనే పెద్ద లోపం బయటపడింది. సైట్‌లో మామూలు ఖాతా ఉన్నవాళ్లు కూడా బ్యాకప్ దించుకోగలిగేంత లోపం. 30 లక్షలకు పైగా సైట్లలో ఉన్న ప్లగిన్ కావడంతో వర్డ్‌ప్రెస్ వాళ్లే బలవంతంగా అప్‌డేట్ తోశారు. 2024 ఆగస్టులో, సైట్ వేగం పెంచే లైట్‌స్పీడ్ క్యాష్‌లోనూ పెద్ద లోపమే బయటపడి, ఆ ప్లగిన్ 6.4తో సరిచేశారు. అయినా రెండూ నా దగ్గరే ఉన్నాయి. లోపం బయటపడటం కంటే, దాన్ని దిద్దడానికి ఎవరూ లేకపోవడం నాకు ఎక్కువ భయం. చివరి అప్‌డేట్ రెండేళ్ల కింద అని కనబడితే ఆ ప్లగిన్ ఎంత ముద్దొచ్చినా తీసేస్తాను. వర్డ్‌ప్రెస్ 5.5 నుంచి ప్లగిన్లకు ఆటో అప్‌డేట్ ఉంది. వూకామర్స్‌కు తప్ప అన్నింటికీ ఆన్ చేశాను. వూకామర్స్‌ను ఆదివారం ఉదయం, షాపు తెరవకముందు, బ్యాకప్ తీసి నేనే చేస్తాను.

లైట్‌స్పీడ్ క్యాష్ పేజీని ఒకసారి తయారుచేసి దాచి అందరికీ అదే ఇస్తుంది, అందుకే వేగం. కానీ మామూలుగా హోస్టింగ్ సర్వర్ లైట్‌స్పీడ్‌దైతేనే ఆ పని చేస్తుంది, ముందు అది అడిగి తెలుసుకోండి. దీనికి ముందు వాడిన వేరే క్యాష్ ప్లగిన్‌ను నేను తప్పుగా సెట్ చేసి, కార్ట్ పేజీని కూడా దాచమన్నాను. ఒకరి బుట్టలో ఇంకొకరి పుస్తకాలు కనిపించాయి.

గూగుల్‌లో సైట్ బాగా కనబడేందుకు సలహాలిచ్చే యోస్ట్ ఎస్ఈఓ దగ్గర తెలుగు సైట్ వాళ్లు కొంచెం జాగ్రత్త. ఎరుపు, నారింజ, ఆకుపచ్చ లైట్లు చూసి నేను ఏడాది పాటు టెన్షన్ పడ్డాను. మనం 'కథలు' అని కీలకపదం ఇస్తే, వ్యాసంలో 'కథల్లో', 'కథలకు', 'కథలని' ఎన్ని ఉన్నా దానికి లెక్క కాదు. ఇంగ్లిష్‌కు ఉన్న పదరూపాల గుర్తింపు తెలుగుకు లేదు. లైటు పచ్చగా వెలగాలని ప్రతి వాక్యంలో 'కథలు' ఇరికించి రాశాను. మామయ్య చదివి, "ఇదేందిరా, పాఠం అప్పజెప్పినట్టుంది" అన్నాడు. ఇప్పుడు ఆ లైట్లు ఆపేసి, శీర్షిక, వివరణ, సైట్‌మ్యాప్‌ల (గూగుల్‌కు ఇచ్చే పేజీల జాబితా) కోసమే వాడుతున్నాను. వాటికి బాగుంది.

దీనికి దగ్గర సంగతే ఇంకొకటి, ఏ ప్లగిన్ జాబితాలోనూ చెప్పనిది. పేజీ శీర్షిక తెలుగులో పెడితే వర్డ్‌ప్రెస్ లింకు కూడా తెలుగులోనే తయారుచేస్తుంది. లింకు లోపల ఒక్కో తెలుగు గుర్తు తొమ్మిది గుర్తులుగా మారుతుంది. వర్డ్‌ప్రెస్ దానికి ఇచ్చే చోటు 200 మాత్రమే. అంటే 22 తెలుగు గుర్తులు. 'పుస్తకాల' అన్న మాటలో మన కంటికి నాలుగే అక్షరాలు, కానీ ఉకారం, పొల్లు, ఒత్తు, దీర్ఘం విడివిడిగా లెక్క కాబట్టి కంప్యూటర్‌కు ఎనిమిది. అలాంటి మూడు మాటలు రాస్తే మూడోది మధ్యలో తెగుతుంది. పైగా వాట్సాప్‌లో పంపితే మూడు వరుసల శాతం గుర్తులు, వైరస్ అనుకుని ఎవరూ నొక్కరు. దీనికి ప్లగిన్ వెతకొద్దు. ప్రచురించే ముందు లింకు గడిలో ఇంగ్లిష్ అక్షరాలతో నాలుగు మాటలు మీరే టైప్ చేయండి.

సైట్‌కు వచ్చినవాళ్లు మనకు సందేశం రాసే ఫామ్ కోసం కాంటాక్ట్ ఫామ్ 7. జపాన్ ప్రోగ్రామర్ తకయుకి మియోషి తయారుచేసింది, 2007 నుంచి ఉంది. వచ్చిన సందేశాలను మెయిల్ చేస్తుంది గానీ ఎక్కడా దాచదు. దాచాలంటే ఆయనదే ఫ్లమింగో కూడా ఎక్కించుకోవాలి. నేను ఆలస్యంగా ఎక్కించాను. స్పామ్‌కు అకిస్మెట్ వాడదామంటే వ్యాపార సైట్లకు డబ్బు కట్టాలి. ఈ ఫామ్‌లోనే క్విజ్ అని ఒక సౌకర్యం ఉంది, దాంతో సరిపెట్టాను. "చార్మినార్‌కు మినార్లు ఎన్ని?" అని అడిగాను. జవాబు 4. స్పామ్ ఆగింది, కానీ 'నాలుగు' అని అక్షరాల్లో రాసిన పెద్దవాళ్లూ ఆగిపోయారు. ప్రశ్న పక్కన 'అంకె వేయండి' అని చేర్చాను.

సైట్‌కు కాపలా కాసే వర్డ్‌ఫెన్స్ మీద పెద్ద అభిప్రాయమేమీ లేదు. ఉచిత రకానికి కొత్త రక్షణ నియమాలు 30 రోజులు ఆలస్యంగా వస్తాయని తెలిసే వాడుతున్నాను. లాగిన్ పేజీ మీద రాత్రంతా పాస్‌వర్డ్‌లు ప్రయత్నించే వాళ్లను ఆపుతుంది, చాలు. రోజూ వచ్చే హెచ్చరిక మెయిళ్లు తగ్గించుకోకపోతే మాత్రం పిచ్చెక్కుతుంది.

తీసేసిన 22లో ఫొటోల స్లైడర్, మంచు కురిపించేది, వాట్సాప్ బటన్ ఉన్నాయి. వాట్సాప్ బటన్‌కు ప్లగిన్ ఎందుకో ఇప్పటికీ అర్థం కాదు, ఒక లింకు పెడితే అదే పని జరుగుతుంది. తెలుగు ఫాంట్ల ప్లగిన్ కూడా తీసి, మండలి ఫాంట్ ఫైల్‌ను సర్వర్‌లోనే పెట్టుకున్నాను.

మొన్న మామయ్య మళ్లీ అడిగాడు, దసరాకు పేజీ తెరవగానే ఆఫర్ ఎగిరి కనబడాలట, ఎదురు షాపు వాళ్ల సైట్‌లో ఉందట. ఒక పాపప్ ప్లగిన్ టెస్ట్ సైట్‌లో ఎక్కించి చూశాను. బాగానే ఎగిరింది. ఇప్పుడు దాన్ని తీసేసి, డేటాబేస్‌లో ఏం వదిలిందో వెతుకుతున్నాను.